పిల్లల ఇంగ్లీషును విడిగా కొలవండి

సంపాదకుల వారికి,

అయ్యా,

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉండాలా, తెలుగు మీడియం ఉండాలా అన్న వాదన 2019 నవంబరులో ఇంగ్లీషు మీడియాన్ని తప్పనిసరి చేస్తూ 81వ నంబరు జీవో వచ్చిన నాటి నుంచి మన రాష్ట్రంలో తెగకుండా సాగుతోంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఈలోగా ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల సంచుల్లోకి వచ్చేశాయి. ఆ వాదనలో ఏ పక్షం తరఫునా మాట్లాడటానికి ఈ లేఖ రాయడం లేదు. మీడియం ఏదైనా సరే, బడిలో కూర్చున్న బిడ్డకు ఏ భాష ఎంత వచ్చునో ముందుగా చూసి, రాసిపెట్టి, దాన్నిబట్టి పాఠం చెప్పే పద్ధతి మన తిరుపతి, చిత్తూరు జిల్లాల బడుల్లో వేళ్లూనలేదన్నదే నా ఫిర్యాదు. గణితం బోధించి పదవీ విరమణ చేసిన వాణ్ణి కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఆ సబ్జెక్టు నుంచే ఇస్తున్నాను; పాఠకులు మన్నించాలి.

బిడ్డను బడిలో చేర్చుకునేటప్పుడు నింపే దరఖాస్తులో మాతృభాష అన్న గడి ఒకటి ఉంటుంది. కేంద్రం నిర్వహించే బడుల సమాచార వ్యవస్థ యూడైస్ ప్లస్ వివరాల్లో కూడా ప్రతి విద్యార్థికీ అదే గడి ఉంది. దాన్ని నింపేది సాధారణంగా గుమస్తా, లేదా జూన్ నెల రద్దీలో ఊపిరి సలపని ఉపాధ్యాయుడు. తండ్రి తెలుగులో రెండు మాటలు మాట్లాడితే చాలు, ఆ గడిలో తెలుగు అని పడిపోతుంది. ఈ ప్రాంతం సంగతి తెలిసిన వారెవరూ ఆ గడిని నమ్మలేరు. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసిన నాటికే ఇక్కడ తమిళం ఇంటిభాషగా ఉంది, నేటికీ ఉంది. నగరి మరమగ్గాల ఇళ్లలోనూ, సత్యవేడు వైపు పల్లెల్లోనూ తమిళం; కుప్పంలో తమిళంతోపాటు కన్నడం; చిత్తూరు, పలమనేరు, పుంగనూరు పట్టణాల్లో ఉర్దూ; తండాల్లో లంబాడీ. శ్రీసిటీ కర్మాగారాల కోసం ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాలు, తిరుపతిలో హోటళ్లను, కట్టడాల పనులను నమ్ముకొని వచ్చిన కుటుంబాలు వీరికి అదనం. ఇలాంటి ఇంటి నుంచి వచ్చిన ఒకటో తరగతి బిడ్డకు తెలుగు వీధిలో నేర్చిన రెండో భాష. చేతిలో పెట్టిన పుస్తకంలోని ఇంగ్లీషు మూడో భాష. రిజిస్టరు ప్రకారం మాత్రం ఆ బిడ్డకూ, నాలుగు తరాలుగా తెలుగే మాట్లాడే ఇంటి బిడ్డకూ తేడా ఏమీ లేదు.

తెలుగు ఇంటి బిడ్డల పరిస్థితి కూడా ఇంగ్లీషు విషయంలో అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు. కార్పొరేట్ బడికి వెళ్లే బిడ్డకు ఇంట్లో సహాయం చేసే తల్లో తండ్రో, ట్యూషనో ఉంటుంది. ప్రభుత్వ బడిలోని బిడ్డకు ఇంగ్లీషు వినిపించేది ఆ నాలుగు గోడల మధ్యే, అదీ ఉపాధ్యాయుడు పుస్తకం చదివినంతసేపే. ఒక్క మాటలో చెప్పాలంటే మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియంలో ఉన్న పిల్లల్లో దాదాపు అందరూ ఇంగ్లీషును ఇంకా నేర్చుకుంటున్న పిల్లలే. ఆ సంగతిని ఏ రికార్డూ ఒప్పుకోదు.

ఒప్పుకోకపోతే నష్టమేమిటని అడగవచ్చు. నష్టం పరీక్ష దగ్గర బయటపడుతుంది. ఒక తోటలో 240 మామిడికాయలు కోశారు, పెట్టెకు 12 చొప్పున సర్దారు, మూడు పెట్టెలు దారిలో పాడైపోయాయి, మిగిలిన కాయలెన్ని అన్న లెక్కను ఇంగ్లీషులో అచ్చువేసి ఐదో తరగతి వారికి ఇవ్వండి. గదిలో సగం మంది కనిపించిన మూడు అంకెలనూ కూడేస్తారు. ఇంకొందరు ప్రశ్ననే జవాబుగా తిరిగి రాస్తారు. అదే లెక్కను దామలచెరువు మామిడి మండీకి తండ్రితో వెళ్లి వచ్చే పిల్లవాడికి నోటిమాటగా తెలుగులో చెప్పండి. కాగితం, కలం లేకుండా 204 అంటాడు. అతనికి భాగాహారం వచ్చు, గుణకారం వచ్చు, తీసివేత వచ్చు, ఆ మూడింటినీ ఏ వరుసలో వాడాలో కూడా వచ్చు. ప్రగతి పత్రంలో మాత్రం గణితంలో వెనుకబడినట్టు ఉంటుంది. అతని పక్కనే మరో అమ్మాయి ఉంటుంది, తెలుగులో చెప్పినా ఆ లెక్క చేయలేకపోతుంది. ఆమెకు నిజంగానే భాగాహారం మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇద్దరికీ వచ్చిన మార్కులు ఒకటే. బడిలో ఏడాది పొడవునా పెట్టే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల మార్కులను ఆన్‌లైన్‌లో ఎక్కించి, జిల్లా సగటు తీసి, గణితంలో మనం ఎక్కడ ఉన్నామో సమీక్షా సమావేశాల్లో చర్చించే అధికారులు నిజానికి ఏ సబ్జెక్టు గురించి మాట్లాడుతున్నారో వారికే తెలియదు.

విద్యా సంవత్సరం మొదట్లో బేస్‌లైన్ పరీక్షలు పెట్టడం లేదా అని ఉపాధ్యాయ మిత్రులు నన్ను నిలదీయవచ్చు. పెడుతున్నారు. పదాలు చదవగలడా, వాక్యం చదవగలడా, తీసివేత చేయగలడా అని చూస్తున్నారు. అయితే విన్నది ఎంత అర్థమైంది, సొంతంగా ఎంత మాట్లాడగలడు అన్న రెండు విషయాలు కాగితం మీద పెట్టే పరీక్షలో ఎలాగూ తేలవు. పైగా మన పిల్లల చేతిరాత చూసినవారు తేలికగా మోసపోతారు. బోర్డు మీది ఇంగ్లీషు జవాబును ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకున్న నోటుపుస్తకం ఇన్‌స్పెక్షన్‌లో మెప్పు పొందుతుంది. ఆ పుట తెరిచి, నాయనా, ఇక్కడ నువ్వు ఏం రాశావో చెప్పు అని అడిగేవారు అరుదు.

ఈ సమస్యను చట్టప్రకారం ఎదుర్కొన్న దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడిదంతా మనకు ఆదర్శమని చెప్పడం నా ఉద్దేశం కాదు. వారి పిల్లలకు బడి బయట అంతా ఇంగ్లీషే, మన పిల్లలకు బడి బయట అది ఎక్కడా లేదు. అయినా కొలిచే పద్ధతి విషయంలో వారు యాభై ఏళ్లుగా కోర్టుల్లో తిట్లు తింటూ నేర్చుకున్నది చాలా ఉంది. 1970లో కాలిఫోర్నియాలో డయానా అనే విద్యార్థిని పేరుతో నడిచిన కేసు స్పానిష్ మాట్లాడే పిల్లలది. వారికి తెలివితేటల పరీక్షను ఇంగ్లీషులో పెట్టి, మార్కులు రాలేదని మందబుద్ధుల తరగతుల్లో కూర్చోబెట్టారు. చివరికి పిల్లల ఇంటిభాషలోనే పరీక్షించేందుకు ప్రభుత్వం రాజీకి వచ్చింది. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి పిల్లల తరఫున వచ్చిన లౌ వర్సెస్ నికోల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అందరికీ అవే పుస్తకాలు, అవే గదులు, అదే ఉపాధ్యాయులను ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదనీ, బోధన భాష అర్థం కాని బిడ్డకు చదువు అందనట్టేననీ ఆ తీర్పు సారాంశం. 1981లో కాస్టనేడా కేసులో అప్పీలు కోర్టు మరో అడుగు వేసి, ఇలాంటి పిల్లలకోసం పెట్టిన కార్యక్రమానికి విద్యాశాస్త్రంలో ఆధారం ఉందా, దాన్ని నడపడానికి తగిన మనుషులను, సామగ్రిని ఇచ్చారా, కొంతకాలం నడిచాక ఫలితం వచ్చిందో లేదో చూశారా అని అడగడం మొదలుపెట్టింది. ఈ మూడు ప్రశ్నలను మన రాష్ట్రంలో గత కొన్నేళ్లుగా వచ్చిపోయిన పథకాలకు ఎవరికి వారు వేసి చూసుకోవచ్చు.

ఇప్పుడు అక్కడ బిడ్డను ప్రభుత్వ బడిలో చేర్చేటప్పుడు ఇంటిభాష సర్వే అని ఒక చిన్న ఫారం ఇస్తారు. బిడ్డ మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఎక్కువగా మాట్లాడే భాష ఏది, బిడ్డ తనంతట తాను ఎక్కువగా మాట్లాడేది ఏది అన్నవి అందులో ప్రధానం. ఇంగ్లీషు కాక మరో భాష పేరు కనబడితే బిడ్డకు వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగింటిలోనూ ఇంగ్లీషు స్థాయిని తేల్చే పరీక్ష పెడతారు. 2015 నాటి ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం ప్రకారం ఇది బడిలో చేరిన 30 రోజుల్లోపు జరగాలి. ఫలితాన్ని తల్లిదండ్రులకు తెలియజేయాలి. స్థాయి తక్కువైతే ఇచ్చే అదనపు ఇంగ్లీషు పాఠాలు వద్దనే హక్కు తల్లిదండ్రులకు ఉంది, ఏటేటా స్థాయిని కొలిచే పరీక్ష మాత్రం తప్పదు. చాలా రాష్ట్రాలు విడా అనే కూటమి తయారుచేసిన పరీక్షను వాడతాయి. కాలిఫోర్నియా, టెక్సాస్, న్యూయార్క్‌లకు సొంత పరీక్షలున్నాయి. విడా పరీక్షలో ఒకటి నుంచి ఆరు వరకు స్థాయిలు ఉంటాయి. మొత్తం స్కోరులో చదవడానికి 35 శాతం, రాయడానికి 35 శాతం, వినడానికీ మాట్లాడటానికీ 15 శాతం చొప్పున విలువ ఇస్తారు కాబట్టి, గలగలా మాట్లాడినంత మాత్రాన గట్టెక్కడం కుదరదు. రాష్ట్రం నిర్ణయించిన స్థాయికి చేరాక బిడ్డను ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లల జాబితా నుంచి తీసేస్తారు, ఆ తర్వాత కూడా కొంతకాలం గమనిస్తారు. ఈ జాబితాలో ఉన్న పిల్లలు సుమారు 50 లక్షలు; ఆ దేశంలో ప్రభుత్వ బడి పిల్లల్లో పదిమందికి ఒకరు.

మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఈ ఫారం బాగా పరిచయం. నా మనవడిని కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు ఇంట్లో తెలుగు అని రాసినందుకు వాడికి పరీక్ష పెట్టారని, మా అబ్బాయీ కోడలూ ఇద్దరూ నొచ్చుకున్నారు. ఆ ఫారంలో ఇంగ్లీషు అని రాసేస్తే ఏ గొడవా ఉండదని తోటి తెలుగువారే సలహా ఇచ్చారట. అమ్మమ్మతో తెలుగు తప్ప మాట్లాడని బిడ్డ విషయంలో అలా రాయడం నాకు నచ్చలేదు, ఆ మాటే ఫోనులో చెప్పాను. అయితే వారి భయానికి కారణం లేకపోలేదు. ఒకసారి ఆ జాబితాలో పేరు చేరితే ఆరేడు సంవత్సరాలు గడిచినా బయటపడని పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు, వారికోసం ప్రత్యేకంగా ఒక పేరు కూడా పెట్టుకున్నారు. భాషా పాఠానికని పక్క గదికి తీసుకువెళ్లడం వల్ల అసలు తరగతిలో జరిగే సైన్సు పాఠం తప్పిపోతోందన్న విమర్శ కూడా ఉంది. కొలవడం ఒక్కటే మందు కాదని ఈ అనుభవం చెబుతోంది. మనం మొదలుపెడితే ఇవి మనకూ ఎదురవుతాయి. ఏ సెక్షన్, బీ సెక్షన్ అని విడదీయడం మన బడులకు కొత్త విద్య కాదు కదా.

ఇదంతా చేయడానికి మనకు చట్టం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోవలసిన పనిలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రతి బిడ్డ అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుడి విధి అని చెప్పింది. 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనీ, బిడ్డ అవగాహనను నిరంతరం సమగ్రంగా మూల్యాంకనం చేయాలనీ చెప్పింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలన్న 350ఎ అధికరణం 1956 నుంచి రాజ్యాంగంలో ఉంది. ఇంటిభాష ఏదో నిజంగా అడిగి తెలుసుకోకుండా వీటిలో ఏ ఒక్కటి అమలు చేయడానికైనా వీలవుతుందా?

2023లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం టోఫెల్ అనే అంతర్జాతీయ ఇంగ్లీషు పరీక్షను నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం చేసుకొని ప్రభుత్వ బడుల పిల్లలకు ఆ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు నేను కొంత ఆశపడ్డాను, ఎందుకంటే వినడం, మాట్లాడటం అనేవి కూడా పరీక్షించదగ్గవేనని ప్రభుత్వం మొదటిసారి ఒప్పుకున్నట్టయింది. ప్రభుత్వం మారాక ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఆగిపోవడంపై నాకు పెద్దగా విచారం లేదు. అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షకూ, సోమవారం ఉదయం ఐదో తరగతిలో పాఠం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఉపాధ్యాయుడికి చెప్పే పరీక్షకూ చాలా దూరం ఉంది. మనకు కావలసింది రెండోది. అసర్ సర్వే వారు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కో బిడ్డ పక్కన కూర్చుని, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ ఉన్న ఒకే ఒక్క కాగితంతో చదివే స్థాయిని తేలుస్తున్నారు. అంత తేలికైన సాధనం ఇంగ్లీషు వినడానికీ మాట్లాడటానికీ ఎందుకు ఉండకూడదు? బొమ్మ చూపించి ఇందులో ఏముందో చెప్పమనడం, పుస్తకం తీసి బల్ల కింద పెట్టు అని ఇంగ్లీషులో చెప్పి చేస్తాడో లేదో చూడటం, పేరు, ఊరు, ఇష్టమైన తిండి అడగడం, నాలుగు వాక్యాల కథ వినిపించి చివరికి ఏమైందో తెలుగులోనే చెప్పమనడం వంటివి చాలు. కథ అర్థమైందో లేదో తెలుసుకోవడానికి జవాబు ఇంగ్లీషులోనే రావాలని పట్టుబట్టనక్కర్లేదు.

ఈ సాధనాన్ని ఢిల్లీ నుంచో, విదేశం నుంచో తెప్పించుకునే అవసరం లేదు. కార్వేటినగరంలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే జిల్లా సంస్థ డైట్ ఉంది. ద్రావిడ భాషలకోసమే 1997లో నెలకొల్పిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో ఉంది. తమిళం, కన్నడం ఇంటిభాషగా ఉన్న పిల్లలకు ప్రశ్నలు ఎలా అడగాలో చెప్పగలవారు అక్కడ దొరుకుతారు. ఈ రెండు సంస్థలూ కలిసి వేసవి సెలవుల్లో ఒక నమూనా తయారుచేసి, ముందు కుప్పం, నగరి, సత్యవేడు మండలాల్లో కొన్ని బడుల్లో ప్రయత్నించి చూడవచ్చు. ఉపాధ్యాయుల మీద ఇది మరో భారమని తెలుసు. యాప్‌లలో ఫోటోలు ఎక్కించడానికే వారి సమయం సగం పోతోందన్నది నిజం. అందుకే ఈ పరీక్ష పేరుతో మరో యాప్ పెట్టవద్దని ముందుగానే వేడుకుంటున్నాను. తరగతికి ఒక కాగితం, బిడ్డకు ఒక వరుస, నాలుగు గడులు చాలు. ఏకోపాధ్యాయ బడుల్లో ఒక్కో బిడ్డను విడిగా కూర్చోబెట్టడం కష్టం కాబట్టి అక్కడికి చుట్టుపక్కల బడుల సమూహమైన స్కూల్ కాంప్లెక్స్ నుంచి మరొకరిని కొన్ని రోజులు పంపవలసి ఉంటుంది, అది మండల విద్యాధికారులు తలచుకుంటే అయ్యే పనే.

గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రం పరీక్షల విషయంలో మాత్రం విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ప్రశ్నపత్రం పాఠ్యపుస్తకంలాగే రెండు భాషల్లో ఉండాలి. ఇంగ్లీషు స్థాయి ఇంకా తక్కువగా ఉన్న బిడ్డ తెలుగులో రాసినా, సగం తెలుగు సగం ఇంగ్లీషు కలిపి రాసినా, చిన్న తరగతుల్లోనైతే నోటితో చెప్పినా, విషయం సరిగా ఉంటే పూర్తి మార్కులు ఇవ్వాలి. ఇంగ్లీషు ఎంత వచ్చో ఇంగ్లీషు కాలమ్‌లోనే రాయాలి. ప్రగతి పత్రంలో నాలుగు నైపుణ్యాలను విడివిడిగా చూపితే, మా అమ్మాయికి ఇంగ్లీషులో 60 వచ్చాయన్న మాటకు అర్థమేమిటో తల్లిదండ్రులకు తెలుస్తుంది. ఆ స్థాయిని తరగతిలో బయటికి చదవడం, గోడకు అంటించడం, సెక్షన్లు విడదీయడానికి వాడటం నిషేధించాలి. ముఖ్యంగా ఒక బిడ్డకు బుద్ధి మాంద్యం ఉందేమోనన్న అనుమానంతో ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రానికి పంపే ముందు, ఆ బిడ్డను ఇంట్లో మాట్లాడే భాషలో పరీక్షించి తీరాలి. లంబాడీ మాట్లాడే బిడ్డ ఇంగ్లీషు తరగతిలో నోరు విప్పకపోవడం వేరు, తండాలో కూడా నోరు విప్పకపోవడం వేరు. రెండో బిడ్డకు సహాయం ఆలస్యం కాకూడదు, మొదటి బిడ్డకు లేని ముద్ర పడకూడదు.

ఫలితాలు ఏడాదిలో కావాలనే తొందర కూడా మానుకోవాలి. కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమ్మిన్స్ నాలుగు దశాబ్దాల కిందటే చెప్పిన ప్రకారం కొత్త భాషలో మాటలాడుకోవడానికి రెండేళ్లు పడితే, ఆ భాషలో పాఠ్యాంశాలు చదివి తోటివారితో సమానంగా నిలవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆయన చెప్పింది చుట్టూ ఇంగ్లీషే వినిపించే దేశంలోని పిల్లల సంగతి. మన పల్లెల్లో అంతకంటే త్వరగా ఎలా వస్తుంది? ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఐదో తరగతి పూర్తి చేసి మరో బడికి వెళ్లేసరికి ఈ ప్రయాణం మధ్యలోనే ఉంటుంది. అక్కడి ఉపాధ్యాయులకు ఆ బిడ్డ గురించి టీసీలో తెలిసేది పుట్టిన తేదీ, కులం, పుట్టుమచ్చలు. కనీసం ఈ జూన్ నుంచైనా ఇంటిభాష ఏదో తల్లిని అడిగి రాసిన మాట, నాలుగు నైపుణ్యాల్లో బిడ్డ చేరిన స్థాయి టీసీతోపాటు కొత్త బడికి చేరేలా ఉత్తర్వులివ్వాలని రెండు జిల్లాల విద్యాశాఖాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తిరుపతి